రెండు చుక్కలు

ఫ్లెక్సీలొచ్చినంక నా కుంచె ఎండిపోయి పదేండ్లు.
ఇప్పుడు సున్నమేస్త, గేట్లకు రంగేస్త,
పెండ్లయితె గోడమీద ఇద్దరి పేర్లు రాస్త.
పరకాల సర్కారు దవాఖాన్ల
కిడ్నీ మిషన్ల గదికి పేర్లు రాయాలె రమ్మన్నడు
మెడికల్ షాపు చకిలం విద్యాసాగర్ సేటు.
క్లబ్బుకు ఈ ఏడు సెక్రటరీ ఆయనే.
"ఫ్లెక్సీ రెండు ఎండకాలాలకు చినుగుతది కొంరెల్లీ,
ఇది ఉండాలె."

కాయితం చేతికిచ్చిండు.
పైన మన క్లబ్బు, కింద వాళ్ళ క్లబ్బు.
ఫిన్లాండట.
ఊరి పేరు పదకొండు అక్షరాలు,
నోట్లె పెట్టుకుంటె నాలిక తిరుగది.
నడుమ ఒక సున్న,
దాని నెత్తిమీద రెండు చుక్కలు.
జిరాక్సు మరకలనుకున్న.
చుక్కలిడిసిపెట్టి సున్నొక్కటే రాసిన.

ఆఖరి వరుసల "తదితరులు" అని ఉన్నది.
వాళ్ళెవరు సేటూ అంటె
పత్తి మార్కెట్ల హమాలీలట.
మన వాటా చూపకుంటె అక్కడి పైసలు కదలవని
సీజనంత బస్తాకొక రూపాయి తీసిపెట్టిండ్రట.
"తదితరులు"కు నేను
ఎర్ర రంగు రెండు పూతలేసిన.
సేటు చూసిండు, ఏమనలె.

నాలుగు మిషన్లు.
మూడో దాని పక్కన గట్ల ఓదెమ్మ
వారానికి మూడు సార్లు చెయ్యి చాపి పండుకుంటది.
మొన్నటిదాక తెల్లారకముందే ఫస్ట్ బస్సెక్కి
వరంగల్ ఎంజీఎంకు పోయేది,
తిరిగొచ్చేసరికి మేకలు దొడ్లెకు చేరేటియి.
ఇప్పుడు నడిచొస్తది.
నిచ్చెన మీద నేను, మంచం మీద ఆమె,
నాలుగు గంటలు ముచ్చట.
"దినానికి మూడు గలాసుల నీళ్ళేనట బిడ్డా,
ఈ ఎండల. చారు పోసుకున్నా లెక్కలకే వస్తది."

వాళ్ళు వచ్చిండ్రు, ఐదుగురు.
అండ్ల ముసలాయన పేరు హెయిక్కి,
బస్సు నడిపి రిటైరైండట.
మొఖం ఉడికి ఎర్రగైంది, మెడల బంతిపూల దండ.
పైసలెట్ల జమైనయో ఆయన చెప్తుంటె
హైస్కూల్ మొగిలి సార్ తెలుగు చేస్తుండు:
చలికాలం వాళ్ళ చెరువు గడ్డకడతదట,
దానిమీద గుడారమేసి, పొయ్యి పెట్టి
ఏడు శనివారాలు చేపల చారు అమ్మిండ్రట.

అందరు చప్పట్లు కొట్టిండ్రు.
ఓదెమ్మ కొట్టలె, చేతికి సూదులున్నయి.
"చెరువు చెరువంత గడ్డనా?
అన్ని నీళ్ళు...
ఒక్క పలుకు దౌడకేసుకుంటె
దినం ఎళ్ళిపోదా."
మొగిలి సార్ ఆ మాట తెలుగులనే ఉంచిండు.

అప్పుడు ముసలాయన గోడ చూసిండు.
చూసి నవ్విండు,
రెండు వేళ్ళు తన నెత్తిమీద కొమ్ముల లెక్క పెట్టుకున్నడు.
సేటు మొఖం నల్లగైంది.
ఆ చుక్కల్లేకుంటె అది వాళ్ళ ఊరే కాదట,
పలుకుడే వేరట.
సిగ్గైంది నాకు.
ప కింద చిన్న గీత జారితె
పరకాల ఫరకాలైతది,
ముప్పయ్యేండ్లు రాసినోన్ని, ఆ మాత్రం తెల్వదా?

నిచ్చెనెక్కిన.
పెద్దోళ్ళొస్తరని ఆ పొద్దు ఒక చుక్క కూడ ఏసుకోలె,
చెయ్యి వణుకుతుంది.
కింద ముసలాయన నిచ్చెన కాళ్ళు పట్టుకున్నడు,
దండ ఇంకా మెడల్నే ఉన్నది.
ఒక చుక్క సక్కగ కూసున్నది.
రెండోది జర కిందికి కారింది.
తుడువబోతె వద్దని చెయ్యి ఊపిండు.
కారింది కారినట్టే ఉన్నది, పోతె చూడొచ్చు.

చుక్కలకు వేరే బిల్లెయ్యలె.
అసలు బిల్లే ఇంకా రాలె, ఆడిట్ అయినంకనట.

నిన్న దవాఖాన గేటుకు రంగెయ్యవోతె
సరూప సిస్టర్ చెంచాల ఐసు ముక్క తెచ్చి
ఓదెమ్మ నోటికందిస్తుంది.
దౌడల అటిటు తిప్పుకుంట
నా దిక్కు చూసింది, గోడ దిక్కు చూసింది.
"ఏం కొంరెల్లీ,
ఇది ఆ చెరువుదేనా?"